రెండు పొయ్యిలు, వంద నోళ్ళు

మా యారాలు పోయిందన్న కబురు నాకు ఇస్నాపూర్ చౌరస్తాలో తెలిసింది. డ్యూటీ దిగి సంగారెడ్డి బస్సు కోసం నిలబడి ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి, "ఒదిన ఇగ లేదే" అన్నాడు. పొద్దున ఛాతీలో మంటగా ఉందంటే గ్యాస్ అనుకున్నాం. నేను కూడా డ్యూటీ మానేస్తానంటే ఆమె ఒప్పుకోలేదు. ఇద్దరం పోకపోతే పొయ్యి దగ్గర ఎవరుంటారని తిట్టి మరీ పంపింది. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందట.

తోడికోడలిని మా వైపు యారాలు అంటాం. ఆమె పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. పదిహేడేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం, చివరి ఆరేళ్ళు ఒకే కంపెనీలో పనిచేశాం. నేను ఇంటికి చేరేసరికి గల్లీ నిండా జనం. పాలు పోసే ఆయన ఏడుస్తున్నాడు. కిరాణా షాపు భాయి ఏడుస్తున్నాడు. మూడు గల్లీల అవతల నుంచి, నేను ఎన్నడూ ముఖం చూడని ఆడవాళ్ళు వచ్చి గుండెలు బాదుకుంటున్నారు. ఆ నిమిషంలో నాకు వచ్చిన మొదటి ఆలోచన రాస్తే మీరు నన్ను తిడతారు. అయినా రాస్తాను. నేను పోతే ఇంతమంది వస్తారా అనుకున్నాను.

అవును, ఆమె అంటే నాకు కుళ్ళు. ప్రేమ లేదని కాదు. ప్రేమా ఉండేది, కుళ్ళూ ఉండేది, రెండోదే కాస్త ఎక్కువ. పోయినవాళ్ళ గురించి మంచి మాటలే రాయాలంటారు. కానీ ఈ మనిషి మంచితనం నాకు తెలిసిందే నా కడుపుమంట వల్ల. దాన్ని దాచిపెట్టి ఆమె గురించి ఏం రాసినా సగమే రాసినట్టు.

మా ఇంట్లో రోజూ ఒక పూట జొన్నరొట్టె ఉండాల్సిందే. నేను పెళ్ళై వచ్చిన కొత్తలో ఒకరోజు ఉత్సాహంగా రొట్టెలు తట్టి పెట్టాను. మా మామ ఒక ముక్క తిని, "పెద్దామె లేదా ఇంట్ల?" అని అడిగాడు. అంతే. ఆ ఒక్క ప్రశ్న నాకు పదిహేడేళ్ళు సరిపోయింది. తర్వాత నా కడుపున పుట్టిన బిడ్డ కూడా, నేను పొయ్యి ముందు కూర్చుంటే చాలు, "పెద్దమ్మ చేస్తదా, నువ్వు చేస్తవా?" అని ముందే అడిగి, జవాబును బట్టి ఆకలి తెచ్చుకునేది. ఇంట్లో తినేవాళ్ళు ఐదుగురు. ఐదుగురూ ఆమె చేతికి అలవాటు పడినవాళ్ళే. అలవాటు పడ్డ ఐదుగురు చెప్పేది కూడా ఒక తీర్పేనా? నేను బీఎస్సీ చదివినదాన్ని. బయట పదిమందికి పెట్టి చూస్తే తెలుస్తుంది ఎవరి రొట్టె సంగతి ఏమిటో అని లోలోపల అనుకుంటూ ఉండేదాన్ని.

పటాన్‌చెరు దగ్గర జొన్న విత్తనాలు తయారుచేసే ఒక కంపెనీలో నాకు ల్యాబ్ అసిస్టెంట్ పని దొరికింది. కొత్త రకం జొన్న పండిస్తే చాలదు, దాని రొట్టె జనం తింటారో లేదో చూడాలి. అందుకని కంపెనీలో ఒక చిన్న వంటగది ఉంది. అక్కడ రొట్టెలు చేసి, ముక్కలు చేసి, నంబర్లు వేసిన ప్లేట్లలో పెట్టి మనుషులకు తినిపిస్తాం. వాళ్ళు ఒకటి నుంచి తొమ్మిది వరకు మార్కులు వేస్తారు. ఏ ప్లేటులో ఏ గింజో వాళ్ళకు చెప్పం. ఆ మార్కుల లెక్క నాది. రొట్టెలు తట్టే మనిషి కావాలని మా ల్యాబు సారు అడిగితే, మా ఇంట్లోనే ఒకరున్నారని చెప్పింది నేనే. ఎందుకు చెప్పానో ఇప్పటికీ నాకే అర్థం కాదు. రెండు నెలలు తిరిగేసరికి సెక్యూరిటీ నుంచి డ్రైవర్ల దాకా అందరికీ ఆమె పెద్దమ్మ అయిపోయింది. ఆమెకంటే ముందు చేరిన నన్ను "పెద్దమ్మ వాళ్ళ యారాలు" అని పిలిచేవాళ్ళు.

ఆమె పద్ధతులు ఆమెవి. మొదటి రొట్టె ఎవరికీ పెట్టదు. పెనం ఇంకా దారికి రాలేదని, దాన్ని తానే నిలబడి ఉప్పూ కారంతో తినేసేది. పిండి తడిపే నీళ్ళు మరుగుతుంటే పక్కనున్న వాళ్ళను మాట్లాడనిచ్చేది కాదు. బస్సులో కిటికీ పక్క సీటు నాకే ఇచ్చేది, చదువుకున్నదానివి బయటికి చూసి ఆలోచించుకో అనేది. అది వేళాకోళమో గౌరవమో నాకు ఎప్పుడూ తేలలేదు. చదివింది ఏడో తరగతి. మార్కుల కార్డులు నేను బస్సులో లెక్కేసుకుంటుంటే పక్కనుంచి తొంగి చూసేది.

మొదట్లో ఎనిమిది మందితోనే తినిపించేవాళ్ళం. ఈ వారం ఒక గింజ పైకి, వచ్చే వారం అదే గింజ కిందికి. ఎనిమిది మందిలో ఒక్కడికి పంటినొప్పి ఉన్నా సగటు తలకిందులైపోయేది. స్టోర్స్‌లో ఒకాయన ఉండేవాడు, ఏం పెట్టినా ఏడు వేసేవాడు. పోనీ బిహార్ నుంచి వచ్చిన కుర్రాళ్ళను అడుగుదామంటే, గోధుమరొట్టె తప్ప మరోటి ఎరగని వాళ్ళు, మూడు దాటేవాళ్ళు కాదు. ఇట్లా అయితే కుదరదని, తినేవాళ్ళను వందమందిని చేద్దామని సారుకు నేను చెప్పాను. వందమంది ఉంటే ఒకడి పంటినొప్పి, ఇంకొకడి మొహమాటం లెక్కలో కరిగిపోతాయి. సారుకు నచ్చింది. ఈ పని సరిగ్గా చేసి చూపిస్తే ట్రయల్స్ ఇన్‌చార్జ్‌గా నన్నే వేస్తానన్నాడు. ఆ రోజు బస్సులో నేను కిటికీలోంచి బయటికి చూడలేదు. ఆమె ముఖమే చూశాను, ఏమంటుందోనని.

ఆమె "తినేటోళ్ళను పెంచినవ్, మంచిదే. మరి రొట్టెలో?" అంది.

రొట్టెలు కూడా ఎక్కువే చేస్తాంగా అన్నాను.

"ఎక్కువ గాదు చెల్లె. ఒక్క చెయ్యి, ఒక్క సంచి పిండి. ఎన్ని జేసినా అది ఒక్క రొట్టెనే గద."

నాకు ఒళ్ళు మండింది. నువ్వు తట్టడం చూసుకో, లెక్కలు నేను చూసుకుంటాను అన్నాను. ఆమె నవ్వి, కొంగుతో ముఖం తుడుచుకుని నిద్రపోయింది. కంది ఊరు దాటేదాకా నాకు కోపం దిగలేదు. ఏడో తరగతి చదివిన మనిషి నా ట్రయల్‌కు వంక పెట్టడమా?

ఆ ట్రయల్‌లో పోటీ రెండు గింజలకే. ఒకటి ఈ వైపు రైతులు ఏళ్ళుగా వేస్తున్న పాత గింజ. రెండోది మా కంపెనీ వాళ్ళు కష్టపడి తయారుచేసిన కొత్త గింజ. దాని మీద అందరికీ ఆశ. వందమందికి వేడివేడిగా అందాలంటే ఒక్క పొయ్యితో కాదు కాబట్టి రెండు పొయ్యిలు పెట్టించాను. ఒక పిండి ఇంకోదానిలో కలవకూడదన్నది ల్యాబులో మాకు మొదటిరోజు నేర్పే పాఠం. అందుకని పొయ్యికో గింజ, గింజకో మనిషి అని నియమం పెట్టాను. పిండి పళ్ళాలు వేరు, పెనాలు వేరు, చేతిగుడ్డలు కూడా వేరు. శుభ్రానికి శుభ్రం, క్రమానికి క్రమం. నా ఏర్పాటు చూసి నాకే ముచ్చటేసింది. పాత గింజ మా యారాలికి ఇచ్చాను. కొత్త గింజ పొయ్యి ముందు కూర్చోవాల్సిన క్యాంటీన్ ఆమె ఆరోజు రాలేదు. ఇంకెవరినైనా పిలవొచ్చు. నేను పిలవలేదు. నేనే కూర్చున్నాను. అలవాటు పడని వందమంది తినబోతున్నారు కదా. ఇన్నేళ్ళలో దొరకని అవకాశం. దాన్ని వేరేవాళ్ళకు ఎందుకిస్తాను?

వందమంది తిన్నారు. కార్డులన్నీ ఒకే మాట చెప్పాయి. పాత గింజ రొట్టె మెత్తగా ఉంది, తియ్యగా ఉంది, బాగా పొంగింది. కొత్త గింజ రొట్టె గట్టిగా ఉంది, అంచులు పగిలాయి, గొంతు దిగడం లేదు. ఇన్ని నోళ్ళు ఇంత కచ్చితంగా కలిసి రావడం మా దగ్గర ఎప్పుడూ లేదు. సారుది గుంటూరు వైపు, మెల్లగా మాట్లాడతాడు. కార్డుల కట్ట పక్కన పెట్టి, "వందమంది చెప్పాక ఇంకేం కావాలమ్మా. కొత్తది ఆపేద్దాం, రిపోర్టు రాసెయ్యి" అన్నాడు. ఆ గింజను పెంచిన అబ్బాయి ఒకడున్నాడు. పొలంలోనే ఎండి నల్లబడిన మనిషి. వాడు బయటికి వెళ్ళిపోయాడు.

పెనాలు కడుగుతూ మా యారాలు నన్ను దగ్గరికి పిలిచింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మెల్లగా అడిగింది.

"తప్పు గింజదా, చెయ్యిదా? ఎట్ల తెలుస్తది చెల్లె?"

ఆమె అడిగింది మంచి ప్రశ్న. నాకు వినిపించింది మాత్రం వేరు. నీ రొట్టె బాగాలేదే అన్నట్టు వినిపించింది. చేతిలో ఉన్న పళ్ళెం ఠపీమని పెట్టేసి వచ్చేశాను. కానీ బస్సెక్కాక ఆ ప్రశ్న నాతోపాటే ఎక్కింది. పాత గింజ రొట్టెలన్నీ ఆమె చేతివి. కొత్త గింజ రొట్టెలన్నీ నా చేతివి. వందమంది చెప్పింది ఒక గింజ ఇంకో గింజ కంటే మంచిదనా, ఆమె చెయ్యి నా చెయ్యి కంటే మంచిదనా? వందమంది కాదు, వెయ్యిమందిని తెచ్చినా ఆ ముడి వీడదు. మందిని పెంచేకొద్దీ, ఆ తప్పే ఇంకా గట్టిగా, ఇంకా నమ్మకంగా చెప్తారు. ఇదంతా ఆమె ట్రయల్‌కు ముందే, ఇదే బస్సులో, ఒక్క ముక్కలో చెప్పింది.

ఇప్పుడు నా ఇరకాటం చూడండి. ఆ కొత్త గింజను కాపాడాలంటే నేను సారు దగ్గరికి పోయి, అది ఓడిపోయింది నేను తట్టడం వల్ల కావచ్చు సార్ అని చెప్పాలి. అంటే మా యారాలి రొట్టె నా రొట్టె కంటే మేలని నా నోటితో నేనే ఒప్పుకోవాలి. అదీ ఎక్కడ? నేను ఇన్‌చార్జ్ కాబోయే చోట. చెప్పకపోతే ఒక మంచి గింజ ఊరికే చచ్చిపోవచ్చు. ఒక మనిషి కష్టం మట్టిపాలు కావచ్చు. రెండు రోజులు నేను ఆ రిపోర్టు రాయలేదు, చింపలేదు. ఇంట్లో ఆమె ముఖం చూడలేదు. ఆమె పెట్టిన రొట్టె తినకుండా అన్నమే తిన్నాను. ఆమె కూడా ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే పోట్లాడేదాన్ని, కాస్త తేలికయ్యేది.

మూడో రోజు తెగించి సారు గది దగ్గరికి పోయాను. తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఆమె నిలబడి ఉంది, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"మంచి పొయ్యి నేను దీస్కున్న సార్. దాని పొయ్యికి మంట సక్కగ లేదు, నాకు తెల్సి గూడ చెప్పలే. చేతులు మార్చి మళ్ళ జేయించుండ్రి."

పొయ్యిలు రెండూ ఒకటే. రెండూ నేనే దగ్గరుండి పెట్టించాను, మంట నేనే చూశాను. ఆమె అబద్ధమాడుతోంది. నా చెయ్యి మాట రాకుండా, తప్పు తన మీద వేసుకుంటోంది. ఆ క్షణంలో నాకు కృతజ్ఞత కలిగిందని రాస్తే బాగుంటుంది. కలగలేదు. రెండు రోజులు నలిగి, సిగ్గు చంపుకుని, ఒక్క మంచిపని చేద్దామని నేను వస్తే, ఆ మంచిపేరు కూడా ఈమే కొట్టేసిందే అనిపించింది. లోపలికి పోయి, పొయ్యి సంగతి కాదు సార్, ఏర్పాటే తప్పు, ఆ తప్పు నాది అని చెప్పేశాను. రెండు చేతులకు రెండు గింజలు పంచి పెట్టడం నేను చేసిన పొరపాటు, నా చెయ్యి కూడా అంత గొప్పది కాదు అన్నాను. ఆ చివరి మాట చెప్పేటప్పుడు ఆమె నేల చూపులు చూస్తోంది. సారు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మరి ఎట్లా చేద్దాం అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆమె చెప్పేసింది. చూశారా.

ఆమె చెప్పిన పద్ధతే ఇప్పటికీ మా వంటగది గోడ మీద రాసి ఉంది. మేమిద్దరం, వేరే ఇళ్ళ నుంచి ఇంకో నలుగురు, మొత్తం ఆరుగురు ఆడవాళ్ళు. ప్రతి ఒక్కరూ రెండు గింజలూ తట్టాలి. పిండి ఒక్క సంచి నుంచి కాదు, మూడు పొలాల సంచుల నుంచి. తినేవాళ్ళు వంద అవసరం లేదు, ముప్ఫై చాలు. ముప్ఫై ఎందుకు చాలని సారు అడిగితే, "తినేటోడు తినేటోడికి ఫరక్ గింతే సార్, తట్టేటోళ్ళకు తట్టేటోళ్ళకే చానా ఫరక్" అంది. మేం పాత కార్డులు తీసి, ఆమె తట్టిన రోజులూ, ఆమె సెలవు పెడితే క్యాంటీన్ ఆమె తట్టిన రోజులూ పక్కపక్కన పెట్టి చూస్తే నిజంగానే అట్లాగే ఉంది. ఎక్కడ తేడా ఎక్కువుంటే అక్కడ మనుషులను పెంచాలి. ఇంత పుస్తకం చదివిన నేను సులువైన వైపే పెంచుకుంటూ పోయాను. నోళ్ళు దొరకడం తేలిక, షిఫ్టు గంట కొడితే వందమంది వస్తారు. చేతులు దొరకడమే కష్టం.

మళ్ళీ చేసిన ట్రయల్‌లో రెండు గింజలూ దాదాపు సమానంగా వచ్చాయి. మెత్తదనంలో కొత్తదే కాస్త మేలు. ఎండి నల్లబడిన ఆ అబ్బాయి వంటగదికి వచ్చి, మా ఇద్దరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె వాడి చేతిలో ఒక రొట్టె పెట్టి పంపింది. నన్ను ఇన్‌చార్జ్ చేశారు. ఆమె పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

ఇంకో సంగతి ఉంది, ఇది సారుకు కూడా తెలియదు. ఆ ట్రయల్ కార్డులను నేను గింజల వారీగా లెక్కేశాక, ఒకరోజు మధ్యాహ్నం గది తలుపేసుకుని తట్టినవాళ్ళ వారీగా కూడా లెక్కేశాను. కంపెనీకి దాంతో పనిలేదు. నాకుంది. మొదటిస్థానం ముత్తంగి నుంచి వచ్చిన ఒక ముసలి ముస్లిం ఆమెది, అందరం ఖాలా అని పిలుస్తాం. మా యారాలు రెండు. నేను నాలుగు. ఆమె మొదటిది కాదని తెలిసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆగలేక ఆ కాగితం బస్సులోనే ఆమెకు చూపించాను. ఆమె వేలు పెట్టి పేర్లు చదువుకుంది, నింపాదిగా. తర్వాత నా వైపు తిరిగి అంది.

"ఇన్నేండ్లు నా మీద కుళ్ళితివి. ఇగ ఖాలా మీద కుళ్ళు, నాకు జెర ఆరాం దొరుకుతది."

అంటే ఆమెకు మొదటినుంచీ తెలుసన్నమాట. నేను పళ్ళెం ఠపీమని పెట్టిన ప్రతిసారీ, బిడ్డను ఆమె దగ్గరి నుంచి లాక్కొచ్చిన ప్రతిసారీ తెలుసు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆమె మాత్రం నా మోచెయ్యి పొడిచి, ఖాలా నీళ్ళు ఎట్లా పోస్తుందో చూశావా అని అడిగింది. మర్నాడే ఖాలా పక్కన పీట వేసుకుని కూర్చుని నేర్చుకుంది. నన్నూ రమ్మంది. నేను పోలేదు. నేను ఇన్‌చార్జ్‌ని కదా.

దినాలు అయిపోయాయి. మా బావ, అంటే ఆమె భర్త, అప్పటినుంచి రొట్టె ముట్టడం లేదు. అన్నం పెడితే తింటున్నాడు, లేకపోతే అడగడం లేదు. ఒక ఆదివారం అటక కింద డబ్బాలు సర్దుతుంటే ఒక స్టీలు డబ్బాలో జొన్నపిండి కనిపించింది. పోయే ముందు వారం ఆమే గింజ ఏరి, గిర్నీకి తీసుకుపోయి పట్టించి, జల్లించి పెట్టింది. నీళ్ళు మరిగించాను. ఖాలా లాగా కొంచెం కొంచెంగా పోశాను. పక్కన కూర్చోడానికి పోలేదన్నాను కానీ, తలుపు సందులోంచి చూడలేదని అనలేదు. నాలుగు రొట్టెలు తట్టాను. మా బావ ముందు ఏం చెప్పకుండా ప్లేటు పెట్టాను.

ఆయన ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు. తల ఎత్తకుండానే, "గిది ఆమె రొట్టెనే" అన్నాడు.

తట్టింది నేను. పిండి ఆమెది. ఆయన నోటికి తగిలింది నా చెయ్యా, ఆమె పిండా? నా చెయ్యే అయితే, పదిహేడేళ్ళకు నేను ఆమెతో సమానమైనట్టు. ఆమె పిండే అయితే, పోయాక కూడా ఆమే గెలిచినట్టు. ఎదురుగా మనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుని తింటుంటే కూడా, అది నా చెయ్యే కావాలని నాకు అనిపించింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను. ఇది తేల్చుకోవడం నాకు చేతకాని పనేం కాదు. నేను ఉద్యోగం చేసేదే అందుకు. నా పిండితో ఒకటి, ఆమె పిండితో ఒకటి చేసి, ఏది ఏదో చెప్పకుండా ఆయన ముందు పెడితే సరిపోతుంది. ఆయనొక్కడే చాలకపోతే ఇంట్లో ఇంకా నలుగురున్నారు.

డబ్బా అడుగున ఇంకా రెండు రొట్టెలకు సరిపడా పిండి ఉంది. జొన్నపిండి ఎక్కువ రోజులు ఆగదు, చేదెక్కుతుంది. ఆ సంగతి మా ఇంట్లో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మూత బిగించి పై అరలో వెనక్కి జరిపి పెట్టాను. రెండు నెలలు అవుతోంది. దాన్ని నేను దించలేదు, ఇంకెవరినీ దించనివ్వలేదు.